తాళం తప్పింది ఎవరో ఇంజన్‌కి ఎలా తెలుస్తుంది?

ఓ పాఠకుడు అడిగారు: "మా ఆరు సిలిండర్ల మినీవ్యాన్ ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతోంది, స్కానర్ పెడితే పీ0303 అని వచ్చింది, అంటే మూడో సిలిండర్ మిస్ ఫైర్ అట. లోపల మండిందో లేదో చూడ్డానికి అక్కడ కెమెరా ఏం లేదు కదండీ, మరి మూడోదే అని అంత గట్టిగా ఎలా చెప్తోంది? ఇంతకీ నేను ఏం మార్చాలి?"

రెండో ప్రశ్న సంగతి చివర్లో చూద్దాం. మొదటిదుంది చూశారూ, అదంటే నాకు పిచ్చి. పిస్టన్ పైకెళ్ళడం కిందికి రావడం అవన్నీ స్కూల్లో చదివినవే, వదిలేస్తున్నా. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒక్కసారి మండుతుంది, ఇదొక్కటి గుర్తుంటే చాలు. ఆరు సిలిండర్లకి లెక్క కడితే చుట్టుకి మూడు, అంటే ప్రతి 120 డిగ్రీలకీ ఒక తోపు.

ఇప్పుడు ఓ పెద్ద రంగులరాట్నం ఊహించుకోండి. చుట్టూ ఆరుగురు నిలబడి వంతులవారీగా తలో తోపు తోస్తున్నారు. మీరు కళ్ళకి గంతలు కట్టుకుని పక్కన నిలబడ్డారు, మీ చేతికి రాట్నం గుంజలు ఒక్కొక్కటే టక్ టక్‌మని తగులుతున్నాయి. ఒకడు తోయకుండా బద్ధకించాడనుకోండి, ఆ కాసేపు టక్కుకీ టక్కుకీ మధ్య ఎడం కొంచెం సాగుతుంది. వంతులు ఏ వరసలో వస్తాయో మీకు ముందే తెలుసు కాబట్టి ఎవడు ఎగ్గొట్టాడో కళ్ళు విప్పకుండానే చెప్పేస్తారు. ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, చేసేది అచ్చం ఇదే! దానికి స్పార్కూ కనిపించదు, మంటా కనిపించదు, దాని దగ్గరున్నది గడియారం మాత్రమే.

ఆ గుంజలే క్రాంక్‌కి బిగించిన పళ్ళ చక్రం. చాలా బళ్ళలో 60 పళ్ళకి చోటు ఉంటుంది, అందులో రెండు కావాలనే తీసేస్తారు, ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా చుట్టు ఎక్కడ మొదలైందో సెన్సర్‌కి తెలుస్తుంది. పన్నుకీ పన్నుకీ 6 డిగ్రీలు. ఐడ్లింగ్‌లో నిమిషానికి 600 చుట్లు అనుకుంటే ఒక పన్ను దాటడానికి 1.67 మిల్లీసెకన్లు, ఒక సిలిండర్ వంతు పూర్తవడానికి 33 మిల్లీసెకన్లు. ఆ 33 కాస్త సాగిందా, దొరికిపోయినట్టే. అయితే క్రాంక్ ఒకే కోణంలో ఉన్నప్పుడు రెండు సిలిండర్ల పిస్టన్లు పైనుంటాయి, వాటిలో ఇప్పుడు మండాల్సింది ఎవరన్నది క్రాంక్‌ని చూస్తే తేలదు, దానికి కామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే ఇరుసు) సెన్సర్ సాక్ష్యం కావాలి.

ఇక్కడే అసలు మజా. రాట్నం జోరుగా తిరుగుతుంటే ఒకడు తోయకపోయినా మీకు తెలీదు. ఎందుకంటే తిరిగేదాంట్లో ఉన్న శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అంతే తోపు తప్పిపోయినా తగ్గే వేగం చిన్నదైపోతుంది, దానికితోడు వంతుకి పట్టే టైమే తక్కువ, ఈ రెండూ కలిపి లెక్క కడితే ఆలస్యం వేగం ఘనానికి విలోమంగా పడిపోతుంది. 600 నుంచి 6000కి వెళ్తే వేగం పది రెట్లు, ఆలస్యం మాత్రం వెయ్యో వంతు! తోపు బలం మారలేదనుకుని వేసిన లెక్కే ఇది, అయినా ఈసీయూ ఎంత సన్నగా కొలవాలో చూడండి. అంత సన్నని కొలతలో పళ్ళు చెక్కినప్పుడు వచ్చిన వంకర కూడా అబద్ధం చెప్తుంది. అందుకని మీరు యాక్సిలరేటర్ వదిలేసి, పెట్రోల్ ఆగిపోయి, బండి ఊరికే దొర్లుతున్నప్పుడు, అంటే రాట్నాన్ని ఎవరూ తోయనప్పుడు, ఈసీయూ గుట్టుగా ఏ గుంజ ఎంత వంకరో కొలిచి రాసిపెట్టుకుంటుంది. గతుకుల రోడ్డు మీద ఇంకో తంటా, చక్రాల కుదుపు గేర్‌బాక్స్ మీదుగా క్రాంక్ దాకా వస్తుంది, అది కూడా మిస్ ఫైర్‌లాగే కనబడుతుంది. కొన్ని బళ్ళు ఏబీఎస్ (బ్రేకులు చూసే కంప్యూటర్) వాళ్ళ చక్రాల సెన్సర్లని అడిగి, రోడ్డే బాలేదని తెలిస్తే ఆ లెక్క పక్కన పెట్టేస్తాయి.

సరే, మూడోవాడు తోయలేదని తెలిసింది. ఎందుకు తోయలేదన్నది మాత్రం ఆ కోడ్‌కి తెలీదు, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. కోడ్ చూసి ఆరు ప్లగ్గులూ మార్చేస్తారు, లేదా బ్యాటరీ తీగ పీకి డాష్‌బోర్డు మీద ఇంజన్ లైట్ ఆర్పేసి తగ్గిందనుకుంటారు. నవ్వడానికి నాకు అర్హత లేదులెండి, నేనూ ఒకసారి కొత్త ప్లగ్గులన్నీ వేశాక చూస్తే చీలిపోయింది ఓ రబ్బరు గొట్టం.

ఎప్పుడు మిస్ అవుతోందన్నది పెద్ద ఆధారం. ఐడ్లింగ్‌లో వణికి, స్పీడ్‌లో బాగుంటే దొంగగాలి మీద, అంటే చీలిన గొట్టం లోంచి లెక్కకి అందకుండా దూరే గాలి మీద, అనుమానపడాలి. చీలిక లోంచి వచ్చే గాలి కొంచెమే, ఇంజన్ తక్కువ పీల్చేటప్పుడే అది లెక్కలోకొస్తుంది. (వాల్వ్ సరిగా మూసుకోకపోయినా ఇలాగే ఉంటుంది.) మీరు చెప్పినట్టు ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ అయితే ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కి వోల్టేజి పుట్టించే తీగ చుట్ట) మీదో ప్లగ్ మీదో అనుమానపడాలి. 1889లో పాషెన్ చూపించింది ఏంటంటే, గాలిని చీల్చుకుని స్పార్క్ దూకడానికి కావాల్సిన వోల్టేజి పీడనాన్నీ ఎడాన్నీ కలిపి గుణించినదాన్ని బట్టి ఉంటుంది. బరువు లాగేటప్పుడు సిలిండర్ నిండా గాలి కూరుకుని ఉంటుంది, ప్లగ్ అరిగి ఎడం పెరిగి ఉంటుంది, కావాల్సిన వోల్టేజి ఎక్కడికో పోతుంది. కాయిల్‌లో 12 వోల్టుల కరెంట్ నింపి ఠక్కున ఆపేస్తే ప్రైమరీ, అంటే మొదటి చుట్టలోనే కొన్ని వందల వోల్టులు లేస్తాయి, రెండో చుట్టలో సుమారు వంద రెట్లు చుట్లు, అంటే 20, 30 వేల వోల్టులు. (ఫారడే 1831 నాటి సంగతే ఇది, మాకు ఆ సూత్రంలో మైనస్ గుర్తు మర్చిపోతే మార్కులు కోస్తామని చెప్పారు గానీ బండిలో అలాంటి కాయిల్స్ ఆరు కూర్చున్నాయని ఒక్కరూ చెప్పలేదు.) అంత వోల్టేజికి ప్లగ్ దగ్గర దారి కష్టమైతే ప్లగ్ మీద కూర్చునే కాయిల్ రబ్బరు తొడుగు (బూటు)లో పగులు వెతుక్కుని పక్కనున్న ఇనుములోకి దూకేస్తుంది.

ఇక మీరు చేయాల్సింది. ఇంజన్ చల్లారాక మూడో కాయిల్ తీసి ఇంకో సిలిండర్‌కి పెట్టండి, దానిది మూడోదానికి. మిగతావేవీ ముట్టుకోవద్దు. కోడ్ చెరిపేసి అదే ఎత్తు ఎక్కండి. కోడ్ కాయిల్‌తో పాటు మారిందా, అది చచ్చిపోయిన కాయిల్. మూడులోనే ఉండిపోతే ప్లగ్ మార్పిడి చేసి చూడండి, తర్వాత ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మేది), చివరికి కంప్రెషన్ (సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందన్నది). బూటు తీసినప్పుడు ప్లగ్ కూర్చునే గుంటలో ఆయిల్ కనబడితే పైన వాల్వ్ కవర్ సీలు కారుతోందని, కొత్త కాయిల్ వేసినా అదీ నానిపోతుంది.

అడ్డంగా బిగించిన వీ6 (మూడేసి సిలిండర్ల రెండు వరసలు వీ ఆకారంలో ఉండే ఇంజన్) అయితే వెనక వరస, ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్యనున్న గోడకి అతుక్కుని ఉంటుంది, చాలా బళ్ళలో పైనున్న ఇన్‌టేక్ (గాలి లోపలికెళ్ళే గొట్టాలు) విప్పితే గానీ చెయ్యి పట్టదు. మీ బండిలో మూడోది ముందా వెనకా అన్నది మాన్యువల్‌లో చూసుకోండి, కంపెనీని బట్టి నంబర్లు మారతాయి. వెనకదే అయితే అంత విప్పినందుకు మూడు ప్లగ్గులూ, ఇన్‌టేక్ గాస్కెట్లూ కలిపి మార్చేయడమే తెలివైన పని. ప్లగ్ ఊడదీసే ముందు గుంటలో దుమ్ము ఊదేయండి.

లైట్ వెలిగి ఉండటం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటుంటే యాక్సిలరేటర్ వదిలి బండి పక్కకి తీయండి. మండని పెట్రోల్ కేటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే డబ్బా)లోకి పోయి అక్కడ మండుతోందని అర్థం, లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోతుంది. పైగా పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్‌కి పెట్రోల్ కనబడదు, వాడని ఆక్సిజనే కనబడుతుంది. అది చూసి ఈసీయూ గాలి ఎక్కువైందనుకుని ఆ వరస మొత్తానికి ఇంకాస్త పెట్రోల్ పోస్తుంది.