పొగరహిత ఆసుపత్రి: అపోహలు - వాస్తవాలు

కోనసీమలోని ఓ ఆసుపత్రిలో వార్డుల బాధ్యత చూసే నర్సును. ఆవరణలో పొగ ఆపే పనిలో రోజూ వినే మాటలివి.

అపోహ: బోర్డు పెడితే చాలు.
వాస్తవం: బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించిన 2008 నిబంధనల ప్రకారం కనీసం 60 × 30 సెంటీమీటర్ల బోర్డు ఉండాలి, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో వాళ్ల పేరు అందరికీ కనబడేలా రాయాలి. పొగ తాగినవాళ్లకు జరిమానా 200 రూపాయల దాకా ఉంది. అయితే బోర్డు మీద పేరున్నాయన సాయంత్రం ఇంటికెళ్లిపోతే రాత్రి డ్యూటీలో అడిగేదెవరు? ఏ షిఫ్టుకు ఆ షిఫ్టులో బాధ్యులు ఉండాల్సిందే.

అపోహ: మెట్ల కిందో, బాత్రూమ్‌లోనో తాగితే ఎవరికీ ఇబ్బంది లేదు.
వాస్తవం: పొగ కిటికీల్లోంచి వార్డులోకే వస్తుంది. ఆక్సిజన్ పెట్టిన మంచాల దగ్గర నిప్పు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. పొగ తాగడానికి విడిగా గది పెట్టుకునే వీలు చట్టం విమానాశ్రయాలకు, పెద్ద హోటళ్లకు ఇచ్చింది గానీ ఆసుపత్రులకు ఇవ్వలేదు.

అపోహ: "చుట్ట ముట్టిస్తేగాని విరేచనం అవదండి, మాన్పిస్తే మనిషి పడిపోతాడు."
వాస్తవం: ఈ మాటను కొట్టిపారెయ్యకండి. పొగాకులోని నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది, అందుకే మానగానే కొందరికి మలబద్ధకం వస్తుంది. చిరాకు, నిద్రపట్టకపోవడం కూడా మామూలే. మొదటి రెండు మూడు రోజులు గట్టిగా ఉండి, కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఇవన్నీ చేర్చుకునేటప్పుడే రోగికి చెప్పి, డాక్టరుతో మాట్లాడి మందు, నికోటిన్ గమ్ ఏర్పాటు చేస్తే గొడవలు చాలా తగ్గుతాయి. గమ్‌ను బబుల్‌గమ్‌లా గబగబా నమలకూడదు. కాస్త నమిలి, ఘాటు తెలియగానే బుగ్గన పెట్టుకోవాలి. ఆపరేషన్ ఉన్నవాళ్లకు ఇంకో మాట చెప్పండి: పొగ తాగితే గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే ప్రమాదం ఎక్కువ.

అసలు అలవాటు గురించి అడగడంలోనే చాలామంది తప్పుతారు. లంక పొగాకు పండే చోటు ఇది. "సిగరెట్ తాగుతారా?" అంటే చుట్ట కాల్చే పెద్దావిడ లేదంటుంది, అది అబద్ధం కూడా కాదు. "మామ్మగారూ, చుట్ట అలవాటుందా? నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతారా?" అని పేరు పెట్టి అడగండి. ఖైనీ, గుట్కా కూడా అడగండి.

అపోహ: ఇది సెక్యూరిటీ వాళ్ల పని.
వాస్తవం: డాక్టరుగారే కారు పక్కన నిలబడి సిగరెట్ వెలిగిస్తే గార్డు మాట ఎవరు వింటారు? నియమం ముందు సిబ్బందికి, తర్వాతే రోగి బంధువులకు.

అపోహ: డిశ్చార్జి అయ్యాక మనకు సంబంధం లేదు.
వాస్తవం: ఇంటికెళ్లాకే చాలామంది మళ్లీ మొదలుపెడతారు. పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం. ఆ నంబరు డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, వెంట వచ్చిన కొడుక్కో కోడలికో చదివి వినిపించండి.