తేదీ ఒక్కసారిగా 95 ఏళ్లు దూకడం వెనక అసలు కథ

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల కాడ ఏరియేటర్లని (నీళ్లలోకి గాలి కలిపే మోటార్లని) నడపడానికి లైనక్స్‌తో నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టుకుందాం అనుకునేవాళ్ల కోసం ఇది. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోద్ది కాబట్టి ఆ టైంకి మోటార్లు తిరగాల్సిందే, టైం తప్పితే రొయ్యలన్నీ పైకి తేలతాయి. అట్టాంటి బోర్డులో తేదీ ఉన్నట్టుండి 95 ఏళ్లు ముందుకి పోతే బ్యాటరీ అయిపోయిందనో నెట్ లేదనో అనుకుంటాం గదా, ఆల్‌విన్నర్ ఎ64 లాంటి చిప్‌లలో తప్పు అక్కడ లేదు, ఇంకా లోపల, టైం లెక్కపెట్టే టైమర్‌లో ఉంది.

లైనక్స్ 1991లో పుట్టింది 386 పీసీ మీద. అందులో టైమర్ అంటే ఐబీఎం పీసీ కాలం నుంచి వస్తున్న 8253 రకం చిప్, సెకనుకి దాదాపు 11.93 లక్షల సార్లు లెక్కపెట్టిద్ది. కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రాం) దాంతో సెకనుకి 100 టిక్కులు కొట్టించుకునేది, టిక్కుకొకటి చొప్పున జిఫ్ఫీస్ అనే లెక్క పెరిగేది. 2003లో కెర్నెల్ 2.6 వెర్షన్ వచ్చాక పీసీల్లో ఆ టిక్కుల్ని 1000 చేశారు, దాంతో 32 బిట్ల లెక్క 49.7 రోజులకే నిండి మళ్లీ సున్నాకి వచ్చేస్తది. డ్రైవర్‌లో (పరికరాన్ని నడిపే కోడ్‌లో) తప్పుంటే యాభై రోజులకి గానీ బయటపడదు, అందుకని ఆ లెక్కని సున్నా నుంచి కాకుండా నిండటానికి 5 నిమిషాల ముందు నుంచి మొదలుపెట్టారు, తప్పుంటే బూట్ అయిన 5 నిమిషాలకే దొరికిపోద్ది. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన తెలివి ఇదే.

పీసీ సంగతి ఒకరకం, ఆర్మ్ సంగతి ఇంకోరకం. ఫోన్లలో, చిన్న బోర్డుల్లో ఉండే ఈ రకం చిప్‌లకి ఆర్మ్ కంపెనీ కోర్ (లెక్కలు చేసే భాగం) డిజైన్ ఇచ్చేది అంతే, టైమర్ మాత్రం చిప్ చేసే ప్రతివాడూ వాడికి తోచినట్టు పెట్టుకునేవాడు, టీఐది ఒకటి, శామ్‌సంగ్‌ది ఇంకోటి, కెర్నెల్లో ఒక్కోదానికి ఒక్కో కోడ్, చాలావరకు కాపీ కొట్టిందే. 2006, 2007ల్లో కెర్నెల్ రాసేవాళ్లలో థామస్ గ్లెయిక్స్‌నర్, ఇంగో మోల్నార్, జాన్ స్టుల్ట్జ్ వాళ్లు దీన్ని రెండు ముక్కలు చేశారు. టైం ఎంతయిందో చెప్పేది క్లాక్‌సోర్స్, ఫలానా టైంకి లేపేది క్లాక్ ఈవెంట్. 2.6.21 నుంచి పని లేనప్పుడు టిక్ ఆపేసే వీలు కూడా వచ్చింది, బ్యాటరీతో నడిచే బోర్డులకి అది పెద్ద లాభం.

అయినా కెర్నెల్లో ఆర్మ్ కోడ్ ఫోల్డర్లు పెరుగుతూనే పోయాయి, 2011లో లైనక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా చీవాట్లు పెట్టాక డివైస్ ట్రీ వైపు మళ్లారు, అంటే బోర్డులో ఏమేం ఉన్నాయో కోడ్‌లో కాకుండా విడిగా ఒక ఫైల్లో రాసిపెట్టడం. ఈలోపు ఆర్మ్ కంపెనీయే కార్టెక్స్ ఎ15, ఎ7 కోర్‌లతో జెనరిక్ టైమర్ అని కోర్‌లోనే ఇచ్చేసింది. అన్నిటికీ ఒకటే డ్రైవర్, ఇక గొడవ లేదనుకున్నారు.

చిన్న బోర్డుల్లో వాడే ఆల్‌విన్నర్ ఎ64 అనే ఆర్మ్ చిప్‌లో గొడవ మళ్లీ వచ్చింది. అందులో కౌంటర్ సెకనుకి 2.4 కోట్లు లెక్కపెట్టిద్ది. కరెంటు మీటర్లో 9 తిరిగి 0 అయ్యేటప్పుడు అంకె సగం సగం కనపడిద్దే, అట్టా కింది బిట్లన్నీ (చివరి అంకెలన్నీ) నిండి మళ్లీ సున్నాకి తిరిగే క్షణంలో చదివితే తప్పు విలువ రావచ్చు, ఒక్కోసారి ముందు చదివినదానికంటే తక్కువ కూడా వస్తది. కెర్నెల్‌కి టైం వెనక్కి పోవడం అంటే తెలీదు, అది 56 బిట్లలో తీసివేత చేసి "ఓహో, మొత్తం చుట్టు తిరిగొచ్చింది" అనుకుంటది. 56 రెండ్లని ఒకదాంతో ఒకటి గుణించి 2.4 కోట్లతో భాగిస్తే వచ్చే సెకన్లు దాదాపు 95 ఏళ్లు, ఆ దూకుడు లెక్క ఇదే.

నెట్ పెట్టి తేదీ సరిచేసినా చాలదు, ఎందుకంటే లోపలి మోనోటానిక్ గడియారం (తేదీతో పని లేకుండా ముందుకే నడిచేది) కూడా దూకేసి ఉంటది, నిన్న పెట్టిన బోర్డుకి అప్‌టైం కొడితే 95 ఏళ్ల నుంచి నడుస్తున్నట్టు చూపిద్ది, ఇంకో గంటకి మోటార్ ఆపమని పెట్టిన టైమర్ అప్పటికప్పుడే పేలిపోద్ది.

మందు 2019లో 5.1 కెర్నెల్లో వచ్చింది. కింది బిట్లన్నీ సున్నాలో ఒకట్లో అయితే ఆ విలువని నమ్మకుండా మళ్లీ చదవడం, అంతే. ఈ లోపానికి కెర్నెల్లో పెట్టిన పేరు "ఎర్రాటమ్ అన్‌నోన్ 1", అంటే తెలియని లోపం 1, పేరులోనే ఉంది వాళ్ల బాధ. డివైస్ ట్రీలో ఈ లోపం ఉందని చెప్పే లైను ఉంటేనే ఇది పనిచేస్తది. ఎ64 బోర్డుతో వచ్చిన పాత 3.10 కెర్నెల్ ఇమేజ్‌నే (కార్డులోకి ఎక్కించే సిస్టం ఫైల్‌నే) ఇంకా నడుపుతుంటే అందులో 5.1లో వచ్చిన ఈ మందు ఉండదు, మోటార్లు తగిలించే ముందే కొత్త ఇమేజ్ ఎక్కించుకోండి.