హెడ్‌సెట్‌లో యుద్ధం: ముందు చూసింది ఎవరు?

హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆ చోట మనమే ఉన్నట్టు అనిపించే వర్చువల్ రియాలిటీ (వీఆర్)లో యుద్ధవార్తలకు 2015ను మొదలుగా చెబుతుంటారు గానీ, పునాది అంతకు చాలా ముందే పడింది. అమెరికా జర్నలిస్టు నానీ డి లా పేన్యా 2007లో పెగ్గీ వైల్‌తో కలిసి, బయటివాళ్లు అడుగుపెట్టలేని అమెరికా సైనిక జైలు గ్వాంటనామోను సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో కట్టి చూపించారు. 2012లో సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో ఆమె ప్రదర్శనకు వాడిన హెడ్‌సెట్ తయారీలో పామర్ లక్కీ అనే కుర్రాడి చెయ్యి ఉంది. అతను పెట్టిన హెడ్‌సెట్ల కంపెనీ ఓక్యులస్‌ను రెండేళ్లకే ఫేస్‌బుక్ సుమారు 200 కోట్ల డాలర్లకు కొనేసింది. పరికరాల వ్యాపారమూ ఈ కొత్త జర్నలిజమూ పుట్టుకలోనే చుట్టాలు.

2014లో వచ్చిన ‘ప్రాజెక్ట్ సిరియా’ అలెప్పో వీధిలో బాంబు పేలిన క్షణాన్ని కంప్యూటర్ బొమ్మలతో పునర్నిర్మించింది. శబ్దాలు మాత్రం అసలువి. దాన్ని చేయించింది ప్రపంచ ఆర్థిక వేదిక, చూపించింది దావోస్‌లో. మరుసటి ఏడు అదే దావోస్‌లో ‘క్లౌడ్స్ ఓవర్ సిద్రా’ వచ్చింది. జోర్డాన్‌లోని జాతరీ శిబిరంలో ఉన్న 12 ఏళ్ల సిరియా బాలిక కథ అది. నిర్మాణంలో ఐక్యరాజ్యసమితిది ముఖ్యపాత్ర, సామ్‌సంగ్ తోడ్పాటు కూడా ఉంది. తర్వాత యునిసెఫ్ దాన్ని వీధుల్లో విరాళాల సేకరణకు వాడింది. ఇలా చూస్తే, దీని తొలి ప్రేక్షకుడు పాఠకుడు కాదు, దాత. నిర్మాతల్లో ఒకరైన క్రిస్ మిల్క్ ఈ మాధ్యమాన్ని సహానుభూతి యంత్రం అన్నది ఆ ఏడాదే. అప్పటి వాతావరణంలో అలాంటి మాట రావడం వింతేమీ కాదు.

పాఠకుడి వంతు 2015 నవంబరులో వచ్చింది. న్యూయార్క్ టైమ్స్ పది లక్షలకు పైగా గూగుల్ అట్ట కళ్లద్దాలను (ఫోన్ పెట్టి చూసే చవక హెడ్‌సెట్లను) చందాదారుల ఇళ్లకు పంపి, నిర్వాసితులైన ముగ్గురు పిల్లల కథ చూపించింది. వాళ్లు దక్షిణ సూడాన్, సిరియా, ఉక్రెయిన్ పిల్లలు. 360 డిగ్రీల కెమెరా అన్ని వైపులా చూస్తుంది కాబట్టి చిత్రీకరించేవాడు పక్కకెళ్లి దాక్కోవాలి. దాంతో అక్కడ ఎవరూ లేనట్టే ఉంటుంది. నా దృష్టిలో దీని అసలు చిక్కు ఇదే: విలేకరి కనబడకపోయేసరికి, కెమెరా ఎక్కడ పెట్టాలో నిర్ణయించిందెవరన్న ప్రశ్న కూడా మరుగున పడుతుంది.

విమర్శ మాత్రం మరోవైపు నుంచి వచ్చింది. శరణార్థి కష్టం కంటికి కనిపించే దృశ్యాల్లో లేదని, చూసేవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు హెడ్‌సెట్ తీసేయగలడని మనస్తత్వవేత్త పాల్ బ్లూమ్ 2017లో వాదించారు.

ఆ తర్వాతి కథ చిన్నదే. సామ్‌సంగ్ 2020లో తన హెడ్‌సెట్ గేర్ వీఆర్ సేవలు ఆపేసింది. 2021లో గూగుల్ అట్ట కళ్లద్దాల అమ్మకం మానేసింది. పత్రికల ఉత్సాహం అప్పటికే చల్లబడింది. నిర్వాసితుల సంఖ్య మాత్రం తగ్గలేదు. 2015 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు విడిచినవాళ్లు సుమారు 6.5 కోట్లు. 2022లో ఆ సంఖ్య 10 కోట్లు దాటింది.