గొడవతో పేరొస్తుందా? కేటీ ప్రైస్ జీవితం మీద అపోహలు – వాస్తవాలు

"మేడం, ఎవరితోనైనా ఒక గొడవ సెట్ చేయండి. రెండు రోజుల్లో ట్రెండింగ్‌లోకి వచ్చేస్తాను."

కృష్ణానగర్‌లో మా ఆఫీసుకు వచ్చే కొత్త మోడల్స్‌లో నెలకు ఒకరైనా ఈ మాట అడుగుతారు. సినిమావాళ్లకూ మోడల్స్‌కూ పీఆర్ఓగా పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. అలా అడిగిన పిల్లల మీద నాకు కోపం రాదు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, బ్రిటన్‌లోని కేటీ ప్రైస్ గురించి చెబుతాను. మన దగ్గర ఆమె పేరు తెలిసినవాళ్లు తక్కువే. కానీ పేపర్లో గొడవ ఎలా పుడుతుంది, దానివల్ల ఎవరికి ఏం మిగులుతుంది అనే విషయంలో ఆమె జీవితం కంటే మంచి పాఠం నాకు ఇంతవరకు దొరకలేదు.

ముందు కాస్త వివరం. ఆమె 1978లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో పుట్టింది. 1996లో 'ద సన్' పేపర్ మూడో పేజీలో మొదటిసారి కనిపించింది. మోడలింగ్ కోసం పెట్టుకున్న పేరు జోర్డాన్. ఆ మూడో పేజీకి అక్కడ పెద్ద చరిత్రే ఉంది. 1970 నవంబర్ 17న మొదలుపెట్టి, 2015 వరకు ఆ పేపర్ అదే పేజీలో పైన దుస్తులు లేని యువతుల ఫోటోలు వేస్తూ వచ్చింది. కోట్ల మంది పొద్దున్నే టీ తాగుతూ చూసిన పేజీ అది.

అపోహ: గ్లామర్ మోడల్ అంటే ఫ్యాషన్ మోడలే, కాకపోతే కాస్త ఎక్స్‌పోజింగ్ ఎక్కువ.

వాస్తవం: మన సినిమా భాషలో గ్లామర్ అంటే అందంగా కనిపించడం. బ్రిటన్‌లో 'గ్లామర్ మోడల్' అంటే వేరే వృత్తి. ఫ్యాషన్ మోడల్ పని బట్టలు అమ్మిపెట్టడం, అక్కడ చూసేవాడికి ఆమె పేరు తెలియాల్సిన అవసరం లేదు. గ్లామర్ మోడల్‌ను కొనేది పేపర్ ఎడిటరు, మగవాళ్ల మ్యాగజైన్ ఎడిటరు. ఫోటో కింద ఆమె పేరు, వయసు, ఊరు వేస్తారు. రేపు అదే చోట ఇంకో అమ్మాయి ఉంటుంది. ఎల్లుండి ఇంకొకరు. అంతమందిలో గుర్తుండాలంటే ఫోటో ఒక్కటే సరిపోదు, వెనకాల ఒక కథ కావాలి. ప్రేమో, పెళ్లో, పక్కమనిషితో తగువో. అంటే గొడవ ఆ అమ్మాయిల స్వభావంలోంచి రాలేదు, ఆ వృత్తి నడిచే పద్ధతిలోనే ఉంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 1983లో సమంతా ఫాక్స్ ఆ పేజీలోకి వచ్చేనాటికి ఆమె వయసు పదహారేళ్లు. చట్టం ఒప్పుకుంది. కనీస వయసును పద్దెనిమిదికి పెంచింది 2003లో వచ్చిన చట్టం. అన్నేళ్లపాటు ఎడిటర్లు, ఫోటోగ్రాఫర్లు, చదివేవాళ్లు అందరూ దాన్ని మామూలు విషయంగానే చూశారంటే ఈ ఫీల్డ్‌లో ఉన్న నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అపోహ: సెలబ్రిటీ గొడవలన్నీ ముందే మాట్లాడుకుని ఆడే నాటకాలు.

వాస్తవం: ఈ మాట నన్ను అడగని చుట్టం లేడు. నేను చూసినంతలో గొడవ చాలాసార్లు నిజమే. అది ఎప్పుడు బయటికి రావాలి, ఎంత రావాలి అన్నదే ఏర్పాటు.

జోర్డాన్‌కూ జోడీ మార్ష్ అనే ఇంకో గ్లామర్ మోడల్‌కూ మధ్య ఏళ్ల తరబడి నడిచిన మాటల యుద్ధం చూడండి. ఇద్దరిదీ ఒకే వృత్తి, ఒకే పేపర్లు, ఒకే పాఠకులు. ఇలాంటి చోట పని ఎలా జరుగుతుందంటే, ఒకరి ఇంటర్వ్యూలో రెండోవారి గురించి ఒక ప్రశ్న వేస్తారు. వచ్చిన జవాబులోంచి అన్నిటికంటే ఘాటైన వాక్యం హెడ్డింగ్ అవుతుంది. వెంటనే రిపోర్టర్ రెండో అమ్మాయికి ఫోన్ చేసి, "మిమ్మల్ని ఇలా అన్నారు, మీరేమంటారు?" అని అడుగుతాడు. ఆమెకు ఒళ్లు మండుతుంది, ఏదో అంటుంది. అది మరుసటి వారం కథ. ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన పెట్టి మధ్యలో గీత గీస్తే ఇంకో వారం గడిచిపోతుంది. ఇందులో ఎవరూ అబద్ధం ఆడనక్కర్లేదు. ఇద్దరి మనసూ నిజంగానే నొచ్చుకుని ఉండొచ్చు. కానీ ఇలాంటి గొడవల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం తక్కువ, ఎక్కువ మాటలు రిపోర్టర్ ఫోన్‌లోంచే వెళ్తాయి.

ఇది నా చేతుల మీదుగా కూడా జరిగింది. కొన్నేళ్ల కిందట నేను చూసే ఒక హీరోయిన్ ఆడియో ఫంక్షన్ బయట మైకు ముందు తన ఫ్రెండ్ గురించి సరదాగా ఒక మాట అంది. ఒక వెబ్‌సైట్ వాళ్లు ఆ వాక్యంలో సగం కోసేసి థంబ్‌నెయిల్ పెట్టారు. ఆ రాత్రి పన్నెండు దాటాక ఆ ఫ్రెండ్ వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "మా పాప ఏం తప్పు చేసిందమ్మా?" అని. నేను ఆ రాత్రే పూర్తి వీడియో బయట పెట్టాల్సింది. రెండు రోజులు ఆగితే చల్లారిపోతుందని అనుకున్నాను. చల్లారలేదు. ఇద్దరమ్మాయిలూ పది నెలలు మాట్లాడుకోలేదు. ఆ రెండు రోజులు ఆగడం నా తప్పు. అందుకే ఇప్పుడు మా ఆఫీసులో మైకు ముందు చెప్పే ప్రతి బైట్‌ను మా ఫోన్‌లో కూడా మొదటి నుంచి చివరిదాకా రికార్డ్ చేసుకుంటాం.

అపోహ: నిప్పు లేనిదే పొగ రాదు. 'సన్నిహిత వర్గాలు' చెప్పాయంటే ఎంతో కొంత నిజం ఉంటుంది.

వాస్తవం: సన్నిహిత వర్గాలు అంటే ఎవరో మా ఫీల్డ్‌లో అందరికీ తెలుసు. మేనేజర్, పీఆర్ఓ, మేకప్ మనిషి, డ్రైవర్, పాత స్నేహితురాలు, ఒక్కోసారి సాక్షాత్తూ ఆ మనిషే. బ్రిటన్‌లోని టాబ్లాయిడ్లు, అంటే సంచలన వార్తల పేపర్లయితే ఇలాంటి సమాచారానికి డబ్బు కూడా ఇస్తాయి. డబ్బు ఉన్నచోట పొగను ఎవరైనా పెట్టగలరు.

అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. 'న్యూస్ ఆఫ్ ద వరల్డ్' అనే పేపర్ 2011 జూలైలో మూతపడింది. ఆ పేపర్ కోసం పనిచేసినవాళ్లు మనుషుల ఫోన్లలోని వాయిస్ మెసేజ్‌లు దొంగతనంగా వినడం బయటపడింది. దాని తర్వాత పేపర్ల తీరు మీద లెవిసన్ విచారణ కమిషన్ వేశారు. ఆలోచించండి, మీ రహస్యం పేపర్లో వస్తుంది, కింద 'సన్నిహితులు' అని ఉంటుంది. మీరు చెల్లెల్ని అనుమానిస్తారు, పనిమనిషిని మానిపిస్తారు. చెప్పింది వాళ్లెవరూ కాదు. అలా తెగిపోయిన స్నేహాలను ఏ కమిషనూ లెక్కపెట్టలేదు.

అపోహ: విడిపోయినప్పుడు ఎవరు ఎక్కువ మాట్లాడితే తప్పు వాళ్లదే.

వాస్తవం: కేటీ ప్రైస్, గాయకుడు పీటర్ ఆండ్రే 2004లో ఆస్ట్రేలియా అడవిలో తీసిన ఒక రియాలిటీ షోలో కలిశారు. 2005 సెప్టెంబర్‌లో హైక్లియర్ కోటలో పెళ్లి. ఆ పెళ్లి ఫోటోలు ఒక మ్యాగజైన్‌కు ఎక్స్‌క్లూజివ్. కాపురం కూడా టీవీ సిరీస్‌గా వచ్చింది. 2009 మేలో విడిపోతున్నామని ప్రకటించారు. అక్కడి నుంచి జనం రెండు పార్టీలయ్యారు. అతను మంచివాడు, ఆమె గయ్యాళి అన్న మాట బాగా పాకింది.

నా వృత్తి కళ్లతో చూస్తే నాకు మొదట కనిపించేది వేరే. ఇద్దరి వ్యవహారాలూ ఒకే మేనేజ్‌మెంట్ సంస్థ చూసేది. విడిపోయాక ఆ సంస్థ పీటర్‌తో ఉండిపోయింది, ఆమె వేరేవాళ్లను చూసుకోవాల్సి వచ్చింది. విడాకులు అనగానే ఇల్లెవరికి, పిల్లలెవరి దగ్గర అని లోకం అడుగుతుంది. మేనేజర్ ఎవరి వైపు అని మేం అడుగుతాం. పక్కన పాత మేనేజర్ ఉన్న మనిషికి ఏ రోజు మాట్లాడాలో, ఏ రోజు నోరు మూసుకోవాలో చెప్పేవాళ్లుంటారు. కొత్త మనుషుల మధ్య పడ్డవాళ్లు కడుపు మండినప్పుడల్లా మాట్లాడతారు, అది యథాతథంగా అచ్చవుతుంది. మాట్లాడనివాళ్లు హుందాగా కనిపిస్తారు. తప్పొప్పుల సంగతి వాళ్ల కాపురానికే తెలియాలి. బయటి మౌనాన్ని బట్టి మంచితనం కొలిస్తే మాత్రం పొరపాటు పడతాం. మన దగ్గర హీరోహీరోయిన్లు విడిపోయినప్పుడు కూడా కామెంట్లలో ఆడమనిషి మీదే బురద ఎక్కువ పడడం నేను చూస్తూనే ఉన్నాను.

అపోహ: శరీరం తప్ప ఆమె దగ్గర ఇంకేం లేదు.

వాస్తవం: ఆత్మకథ 2004లో వచ్చి బాగా అమ్ముడైంది. తర్వాత నవలలు. వాటిని రెబెక్కా ఫార్న్‌వర్త్ అనే రచయిత్రి రాసిపెట్టింది, ఆ సంగతి కేటీ దాచలేదు. 2007లో వచ్చిన నవల అమ్మకాలు ఆ ఏడాది బుకర్ ప్రైజ్ తుది జాబితాలోని పుస్తకాలన్నీ కలిపినదానికంటే ఎక్కువ. పెర్ఫ్యూమ్ తెచ్చింది, గుర్రపు స్వారీ బట్టల వ్యాపారం పెట్టింది. 2015లో సెలబ్రిటీ బిగ్ బ్రదర్ గెలిచింది, ఆ షోకూ మన బిగ్ బాస్‌కూ మూలం బిగ్ బ్రదర్ అనే డచ్ షో. అన్నీ గెలవలేదు. 2001 ఎన్నికల్లో మాంచెస్టర్ పక్కన ఒక నియోజకవర్గంలో నిలబడితే 713 ఓట్లొచ్చాయి. మనుషులు తనను చూస్తారని తెలుసుకుని, ఆ చూపును పుస్తకంగా, సీసాగా, బట్టగా మార్చి అమ్మడం తేలికైన పని కాదు. మా ఫీల్డ్‌లో చాలామంది పెద్ద స్టార్లకే అది చేతకాలేదు.

అపోహ: ఇంటి గుట్టు అమ్ముకుంటే డబ్బే డబ్బు.

వాస్తవం: 2019 నవంబర్‌లో కోర్టు ఆమెను దివాలా తీసినట్లు ప్రకటించింది. 2024 మార్చిలో పన్ను బకాయిల మీద రెండోసారి అదే జరిగింది. ఈ ఒక్క సమాధానంతో మా ఆఫీసులో కూర్చున్న పిల్లల ముఖాలు మారిపోతాయి.

ఈ వృత్తిలో డబ్బు ఒకేసారి వస్తుంది, తర్వాత నెలల తరబడి రాదు. కమీషన్ ముందే పోతుంది, పన్ను తర్వాత వస్తుంది. వచ్చిన రోజు చేతిలో ఉన్నదంతా మనదే అనిపిస్తుంది. నేను చూసే అమ్మాయిలకు మొదటి చెక్కు వచ్చిన రోజే చార్టర్డ్ అకౌంటెంట్‌ను పరిచయం చేయడం అందుకే.

ఇంకో నష్టం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మన కథ మనదే కదా, ఎలాగైనా చెప్పుకుంటాం అనుకుంటారు. కానీ ఆ కథలో ఇంకో మనిషి ఉంటాడు, అతని గుట్టు అతనిది. కేటీ ప్రైస్ రెండో భర్త అలెక్స్ రీడ్ తన వ్యక్తిగత విషయాలు బయటపెట్టిందని కేసు వేశాడు. 2020 మార్చిలో లండన్ హైకోర్టు అతనికి 25,000 పౌండ్ల నష్టపరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆమె మాటలు విని నవ్వినవాళ్లు, ఆమెను పిలిచి మైకు ఇచ్చినవాళ్లు, ఆ క్లిప్ పంచుకున్నవాళ్లు అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇక్కడ పాపం పంచుకున్నవాళ్లలో బిల్లు వచ్చింది ఒక్కరికే.

అపోహ: కోరి పబ్లిక్‌లోకి వచ్చింది కాబట్టి ఎవరేమన్నా పడాలి.

వాస్తవం: ఆమె పెద్ద కొడుకు హార్వీ 2002లో పుట్టాడు. తండ్రి ఫుట్‌బాల్ ఆటగాడు డ్వైట్ యార్క్. హార్వీకి చూపు చాలా తక్కువ, ఆటిజం ఉంది, ప్రాడర్ విల్లీ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జన్యు సమస్య ఉంది. తల్లిని తిట్టాలనుకున్నవాళ్లకు ఆ బిడ్డ దొరికాడు. 2010 డిసెంబర్‌లో ఒక టీవీ కామెడీ షోలో ఫ్రాంకీ బాయిల్ అనే హాస్యనటుడు ఆ పిల్లవాడి మీద జోక్ వేశాడు. అప్పుడు హార్వీకి ఎనిమిదేళ్లు. ఆ జోక్ నేను ఇక్కడ రాయను. ఆమె ఫిర్యాదు చేసింది, ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ అది నిబంధనల ఉల్లంఘన అని 2011లో తేల్చింది.

తర్వాత ఆన్‌లైన్ వచ్చింది, తిట్లు ఇంటి లోపలికే వచ్చాయి. 2017లో ఆమె ఆన్‌లైన్ వేధింపులను ప్రత్యేక నేరంగా చేయాలని పిటిషన్ పెట్టింది. 2,20,000 మందికి పైగా సంతకాలు చేశారు. పార్లమెంటు పిటిషన్ల కమిటీ ముందు కూర్చుని మాట్లాడింది. వికలాంగుల మీద ఆన్‌లైన్‌లో జరిగే వేధింపుల గురించి ఆ కమిటీ 2019 జనవరిలో నివేదిక ఇచ్చింది, ఉన్న చట్టం సరిపోదని చెప్పింది. ఇరవై ఏళ్లుగా పేపర్లు గయ్యాళి అని రాసిన అదే నోరు, అదే మొండితనం అక్కడ పనికొచ్చాయి. మెత్తగా మాట్లాడే మనిషి అయితే ఆ గదిదాకా వెళ్లేది కాదేమోనని నాకనిపిస్తుంది.

నా దగ్గర సంతకం పెట్టే అమ్మాయిలతో ఒక కాగితం రాయించుకుంటాను. ఇంట్లో ఎవరి పేరు చెప్పకూడదు, ఎవరి ఫోటో ఇవ్వకూడదు అన్నది అందులో వాళ్లే రాయాలి. గొడవ సెట్ చేయమని వచ్చినవాళ్లు కూడా ఆ కాగితం దగ్గర ఆగిపోతారు. తమ్ముడి పేరు రాస్తారు, అమ్మ జబ్బు పేరు రాస్తారు. అప్పుడు వాళ్లకు బీబీసీ 2021 జనవరిలో ప్రసారం చేసిన డాక్యుమెంటరీ గురించి చెబుతాను. పద్దెనిమిదేళ్లు నిండిన హార్వీ కోసం కేటీ ప్రైస్ ఒక రెసిడెన్షియల్ కాలేజీ వెతుకుతుంది. అందులో ఆమె ఎవరి మీదా పోటీకి దిగదు. తన చేతిలోంచి వేరేవాళ్ల చేతికి అప్పగిస్తే కొడుకు ఎలా ఉంటాడోనని భయపడుతుంది. హార్వీకేమో రైళ్లంటే ప్రాణం.