గ్రహాల భ్రమణ కాలం: అపోహలు, వాస్తవాలు

టెలిస్కోప్ పక్కన నిలబడి జనానికి గ్రహాలు చూపించే పని నాది. తరచూ వినపడే మాటలు కొన్ని ఇవి.

అపోహ: భూమి తన చుట్టూ తాను తిరగడానికి సరిగ్గా 24 గంటలు పడుతుంది.

వాస్తవం: పట్టేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. ఆలోగా భూమి కక్ష్యలోనూ కాస్త ముందుకు జరుగుతుంది. అందుకే సూర్యుడు మళ్లీ నడినెత్తికి రావాలంటే ఇంకో డిగ్రీ తిరగాలి, దానికి దాదాపు నాలుగు నిమిషాలు. అనుమానముంటే ఒక నక్షత్రం ఏదైనా గోడ అంచును ఎన్నింటికి దాటుతోందో వరుసగా రెండు రాత్రులు ఒకే చోట నుంచి చూడండి. రెండో రాత్రి నాలుగు నిమిషాలు ముందే మాయమవుతుంది.

అపోహ: శుక్రుడి మీద ఏడాది కంటే రోజే పెద్దది.

వాస్తవం: సగమే నిజం. క్విజ్ పోటీలు దీన్ని బాగా పాడుచేశాయి! శుక్రుడు ఒకసారి తన చుట్టూ తిరగడానికి 243 భూమి రోజులు, సూర్యుడిని చుట్టి రావడానికి 225. కానీ తిరిగేది వెనక్కి, అంటే తూర్పు నుంచి పడమరకు. దాంతో సూర్యోదయం నుంచి సూర్యోదయానికి 117 రోజులే. బుధుడిది దీనికి తలకిందులు. భ్రమణం 59 రోజుల్లోపే, ఏడాది 88 రోజులు, ఒక సూర్యోదయం నుంచి మరోదానికి మాత్రం 176. అంటే అక్కడ రెండేళ్లకు ఒక్క రోజు! అందరికంటే నెమ్మదిగా తిరిగేది శుక్రుడైతే, పగలూ రాత్రీ కలిపి అతి పెద్ద రోజు బుధుడిది.

అపోహ: బుధుడి ఒకే ముఖం ఎప్పుడూ సూర్యుడి వైపే ఉంటుంది.

వాస్తవం: 1965లో రాడార్ కొలతలు వచ్చేదాకా శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు.

అపోహ: పెద్ద గ్రహం నెమ్మదిగా తిరుగుతుంది.

వాస్తవం: అన్నిటికన్నా పెద్దదైన గురుడికి పది గంటలు కూడా పట్టదు. ఆ వేగానికి నడుము ఉబ్బి, ధ్రువాల మధ్య కంటే అక్కడి వ్యాసం 9,000 కిలోమీటర్లకు పైగా ఎక్కువైంది. చిన్న టెలిస్కోప్‌లోనూ ఆ నొక్కుడు కనిపిస్తుంది.

అపోహ: ఈ అంకెలన్నీ ఎప్పుడో తేలిపోయాయి.

వాస్తవం: శనికి గట్టి నేల లేదు, మేఘాలు ఒక్కోచోట ఒక్కో వేగంతో పోతాయి. అయస్కాంత అక్షం భ్రమణ అక్షంతో దాదాపు కలిసిపోయింది కాబట్టి, అయస్కాంత క్షేత్రం ఊగిసలాటను పట్టుకుని లెక్కకట్టే దారీ మూసుకుపోయింది. చివరికి కాసిని వ్యోమనౌక పంపిన డేటాతో వలయాల్లోని అలలను చదివి 10 గంటల 33 నిమిషాల 38 సెకన్లని 2019లో తేల్చారు. యురేనస్ లెక్క 2025లో కూడా మారింది. హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ చూసిన ధ్రువకాంతుల ఆధారంగా పాత విలువకు 28 సెకన్లు కలిసి, 17 గంటల 14 నిమిషాల 52 సెకన్లయింది.