పేర్లు ముందు పోతాయి

1901 నవంబరులో, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో డాక్టర్ అలోయిస్ అల్‌జైమర్ 51 ఏళ్ల రోగిని పేరడిగాడు. "ఆగస్టె" అంది. ఇంటిపేరు? "ఆగస్టె." భర్త పేరు? "ఆగస్టె అనుకుంటా." మధ్యాహ్నం పంది మాంసం, కాలీఫ్లవర్ తింటుంటే, తినేదేమిటని అడిగాడు. పాలకూర అంది. తర్వాత ఆ మతిమరుపు జబ్బుకి ఆ డాక్టర్ పేరే పెట్టారు.

ఆమె తప్పుల్లోనూ ఓ వరస ఉంది. పేరడిగితే ఏదో ఒక పేరే చెప్పింది, తిండి సంగతి అడిగితే తినేదాని పేరే చెప్పింది. అల్‌జైమర్స్‌లో భాష చాలామందికి ఇలాగే దెబ్బతింటుంది. ఉచ్చారణ, వ్యాకరణం చాలాకాలం నిలుస్తాయి. పేర్లు ముందు జారిపోతాయి. "వాడొచ్చి అది పట్టుకుపోయాడు" అంటారు. వాక్యంలో ఏ లోపమూ లేదు, వాడెవడో, అదేమిటో మాత్రం వినేవాళ్లకి తెలియదు. "రా, కూర్చో, అన్నం తిన్నావా?" లాంటి అలవాటు మాటలు తడుముకోకుండా వచ్చేస్తాయి. అందుకే పావుగంట కూర్చుని వెళ్లిన చుట్టాలు "ఆవిడ బాగానే ఉందిగా!" అంటారు. రోజంతా చూసుకునే కోడలికి ఒళ్లు మండేది అక్కడే.

కొత్త సంగతుల్ని గుర్తుంచుకునే పని మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగానిది. జబ్బు తొలినాళ్లలోనే దాన్ని పట్టుకుంటుంది. "అబ్బాయి ఎప్పుడొస్తాడు?" అన్న ప్రశ్నకి మనం చెప్పిన జవాబు లోపల నిలవదు, బెంగ మాత్రం నిలుస్తుంది. దాంతో అదే ప్రశ్న మళ్లీ వస్తుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో 17 మంది అల్‌జైమర్స్ రోగులకు ఏడిపించే, నవ్వించే సినిమా ముక్కలు చూపించారు. చూసినదాంట్లో చాలావరకు వాళ్లకి కాసేపట్లోనే గుర్తు లేకుండా పోయింది. దిగులూ సంతోషమూ ఆ తర్వాత కూడా ఉన్నాయి. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని కసురుకుంటే ఏం మిగులుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

పెద్దావిడ ముందు నిలబడి "నేనెవరో చెప్పు చూద్దాం" అనడం మన ఇళ్లలో ఓ వేడుక. పేర్లు అందని మనిషిని పేరే అడగడం నా దృష్టిలో క్రూరత్వం. అల్‌జైమర్ అడిగింది రోగమేమిటో తేల్చుకోవడానికి. మేనల్లుడికి ఆ పని లేదు. "అత్తా, నేను శీనుని, గుంటూరు నుంచి వచ్చా" అంటే చాలు, ఆమే ఏదో ఒక మాట అందుకుంటుంది.

"ఏం తింటావు?" అంటే పేరు వెతుక్కోవాలి. "ఇడ్లీ పెట్టనా, ఉప్మా పెట్టనా?" అంటే ఎంచుకుంటే సరిపోతుంది. వాక్యం పొట్టిగా ఉండాలి. అడిగాక ఆగాలి, మనకి విసుగొచ్చేంతసేపైనా సరే. పసిపిల్లతో మాట్లాడినట్టు సాగదీసి ముద్దుచేస్తే చాలామందికి కోపమొస్తుంది, రావడం న్యాయమే. టీవీ కట్టేయాలి. ఓసారి చెవుల డాక్టరుకీ చూపించాలి. అర్థం కావట్లేదని మనం అనుకునేవాటిలో కొన్ని అసలు వినపడనివే అయ్యుండొచ్చు. గులిమి తీయించడానికి న్యూరాలజిస్టు అక్కర్లేదు.