ఫిలిప్పీన్స్ డిగ్రీ చదువులో మనస్తత్వశాస్త్రం: అమెరికన్ పాఠ్యపుస్తకం నుంచి లైసెన్సు పరీక్ష దాకా

ఫిలిప్పీన్స్‌లో మనస్తత్వశాస్త్రం ప్రధానాంశంగా డిగ్రీ పూర్తిచేసినవారు 2014 నుంచి ప్రభుత్వం నిర్వహించే ఒక లైసెన్సు పరీక్ష రాస్తున్నారు. అందులో నెగ్గినవారిని సైకోమెట్రిషియన్ అంటారు. మానసిక పరీక్షలు నిర్వహించి, మార్కులు లెక్కగట్టి, మనస్తత్వవేత్త పర్యవేక్షణలో పనిచేయడం వీరి వృత్తి. వ్యక్తిత్వ సిద్ధాంతాలు, అసాధారణ మనస్తత్వశాస్త్రం, పరిశ్రమలకు సంబంధించిన మనస్తత్వశాస్త్రం, మానసిక పరీక్షల మదింపు అనే నాలుగు సబ్జెక్టులు ఆ పరీక్షలో ఉంటాయి. ‘సికొలొహియాంగ్ పిలిపినో’, అంటే ఫిలిపినోల సొంత అనుభవం నుంచి, భాష నుంచి ఎదగాలని 1970లలో మొదలైన మనస్తత్వశాస్త్ర ధార, ఈ నాలుగింటిలో విడి సబ్జెక్టుగా లేదు. పరీక్షను రూపొందించినవారిని తప్పుపట్టడం తేలికే గానీ, ఈ అమరికకు పునాది వందేళ్ల కిందటే పడింది.

1898లో స్పెయిన్ చేతుల్లోంచి అమెరికా చేతుల్లోకి వెళ్లిన ఆ ద్వీపాలలో, 1901 నాటి 74వ నంబరు చట్టం ప్రభుత్వ పాఠశాలలను ఏర్పరచి ఇంగ్లీషును బోధనా భాషగా నిలబెట్టింది. ఆ ఏడాదే అమెరికా నుంచి వందల మంది ఉపాధ్యాయులు ఓడలో వచ్చి దిగారు. 1908లో మనీలాలో ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయం మొదలైంది. 1925లో అమెరికన్ విద్యావేత్త పాల్ మన్రో నాయకత్వంలోని సర్వే బృందం ఆ విద్యావ్యవస్థను పరిశీలించి, ఇంగ్లీషుపై ఆధారపడిన అంశాలలో ఫిలిపినో పిల్లలు అమెరికా పిల్లలకంటే బాగా వెనుకబడి ఉన్నారని తేల్చింది. పిల్లవాడి తెలివిని కొలుస్తున్నామా, వాడికి రాని భాషను కొలుస్తున్నామా అన్న ప్రశ్న అక్కడే పుట్టవలసింది. ఆ మరుసటి ఏడాది, 1926లో, అదే విశ్వవిద్యాలయపు విద్యా కళాశాలలో మనస్తత్వశాస్త్ర విభాగం ఏర్పడింది. తత్వశాస్త్రం పక్కనో వైద్యం పక్కనో కాక, ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాలలో దానికి చోటు దొరకడం గమనించదగినది. కొలతలూ పరీక్షలూ పాఠశాలకు అవసరమైన కాలమది. విభాగానికి తొలి అధిపతి అగస్టిన్ అలోంజో షికాగోలో డాక్టరేటు చేసి వచ్చారు. పాఠ్యపుస్తకాలూ అమెరికావే, బోధనా భాషా ఇంగ్లీషే.

ఆ తర్వాత వచ్చినవారిదీ దాదాపు ఇదే దారి. మిషిగన్‌లో చదివిన సిన్ఫొరోసో పడిల్లా 1932లో విశ్వవిద్యాలయంలో మానసిక చికిత్సా కేంద్రం తెరిచారు. మిషిగన్‌లోనే డాక్టరేటు చేసిన ఎస్తెఫానియా అల్దాబా-లిమ్ తిరిగివచ్చి బోధన, చికిత్స రెంటినీ చేపట్టి, 1970లలో దేశ మంత్రివర్గంలో చేరారు. చర్చి ఆధ్వర్యంలోని సాంటో టొమాస్ విశ్వవిద్యాలయం, సెబూలోని సాన్ కార్లోస్ విశ్వవిద్యాలయం తమ విభాగాలు నెలకొల్పుకున్నాయి. జెసూట్ అనే క్యాథలిక్ సంఘపు మతగురువు హైమె బులాటావో 1960లో అతెనెయో దె మనీలా విశ్వవిద్యాలయంలో విభాగం ప్రారంభించారు. 1962లో వృత్తి సంఘం ఏర్పడింది. సంస్థలు పెరిగాయి గానీ, తరగతిలో చెప్పే పాఠం ఎవరి అనుభవం మీద నిలబడిందని అడిగినవారు తక్కువ.

ఆ ప్రశ్న మరో వైపు నుంచి వచ్చింది. 1960లో అతెనెయోలో ఫిలిప్పీన్ సంస్కృతి పరిశోధనా సంస్థను స్థాపించిన అమెరికన్ జెసూట్, మానవశాస్త్రవేత్త ఫ్రాంక్ లించ్, ఫిలిపినోల ప్రవర్తనకు మూలం ఎదుటివారితో ఒడిదుడుకులు లేకుండా నెట్టుకురావాలన్న కోరికేనని వివరించారు. ‘పకికిసామా’, అంటే నలుగురితో సర్దుకుపోవడం, ‘హియా’ అనే బిడియం, ‘ఉతాంగ్ నా లోఒబ్’ అనే రుణభావం ఆ తరువాత విలువల జాబితాగా డిగ్రీ పాఠ్యపుస్తకాలలోకి ఎక్కాయి. విద్యార్థి తన ఇంటి మాటలను తరగతిలో చదువుకునే అవకాశం మొదటిసారి దొరికిందనుకోవచ్చు. కానీ ఆ జాబితాను కూర్చినది బయటివాడి కన్ను. ప్రతి మాటకూ ఒక ఇంగ్లీషు పదాన్ని జతచేసి, ఆ పదపు అర్థం మేరకే మనిషిని అంచనా వేసే అలవాటు దానితోపాటే వచ్చింది.

ఆ అలవాటును గట్టిగా ఎదిరించిన తొలి రచనల్లో ఒకటి అల్ఫ్రెడో లాగ్మాయ్‌ది. ప్రవర్తనను అది వెలువడే పరిస్థితులనుబట్టి అధ్యయనం చేసిన అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దగ్గర హార్వర్డ్‌లో పరిశోధన చేసి వచ్చిన ఆయన, మనస్తత్వశాస్త్ర విభాగాన్ని విద్యా కళాశాల నుంచి మానవీయ, సామాజిక శాస్త్రాలుండే కళాశాలకు మార్పించారు. పరిపాలనాపరమైన చిన్న మార్పుగా కనిపించినా, పాఠశాల పరీక్షల పరిధి నుంచి ఈ శాస్త్రం బయటపడింది అప్పుడే. ఫిలిపినోలు కష్టసమయంలో అనే ‘బహాలా నా’ను 1968 నాటి ఒక వ్యాసం అమెరికన్ విధివాదంతో పోల్చింది, అంతా దేవుడిమీద వదిలేసే నిష్క్రియకు అది గుర్తని బోధకులు చెబుతూ వచ్చారు. 1977లో లాగ్మాయ్ ఆ మాట ఏ సందర్భాలలో పలుకుతారో పరిశీలించి, ఫలితం తెలియని పనిలోకి తెగించి దిగే మనిషి తనకు తాను ధైర్యం చెప్పుకునేటప్పుడు అది వస్తుందని వాదించారు. స్కిన్నర్ శిష్యుడు ఈ పని చేయడం నాకు ఆసక్తికరంగా తోస్తుంది. మాట నిఘంటువులో ఏమిటని కాక, అది ఏ పరిస్థితిలో వెలువడుతుందని చూడడం గురువు దగ్గర నేర్చిన క్రమశిక్షణే కదా.

ఈ విడి పరిశీలనలను ఒక ఉద్యమంగా మలచినవారు విర్జిలియో ఎన్రికేజ్. బులకాన్ రాష్ట్రంలో 1942లో పుట్టి, ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి, 1963 నుంచి అక్కడే మనస్తత్వశాస్త్రం బోధించారు. 1966లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి వెళ్లకముందే కొన్ని తరగతులను ఫిలిపినో భాషలో చెప్పేవారు. సామాజిక మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటుతో 1971లో ఆయన తిరిగివచ్చేసరికి దేశం మునుపటిలా లేదు. 1970 తొలి నెలల్లో విద్యార్థులు మనీలా వీధులలోకి వచ్చి అధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వాన్ని, అమెరికా ప్రభావాన్ని నిలదీశారు. 1972 సెప్టెంబరులో సైనిక శాసనం వచ్చి ఆ వీధులను మూయించింది. వీధిలో అడగరాని ప్రశ్న తరగతిలోకి చేరిందనడం కొంత అతిశయోక్తి కావచ్చు గానీ, చదువు ఎవరికోసమన్న ఆందోళన ఆ తరం విద్యార్థులలో బలంగా ఉండేదన్నది నిజం. ఎన్రికేజ్ వారిచేత వ్యాసాలు ఫిలిపినోలో రాయించారు. ఇంగ్లీషులో రాసినప్పుడు తట్టని ఆలోచనలు సొంత భాషలో రాసేటప్పుడు బయటపడతాయని ఆయన నమ్మకం. 1975 నవంబరులో సికొలొహియాంగ్ పిలిపినో తొలి జాతీయ సమావేశం విశ్వవిద్యాలయపు దిలిమాన్ ప్రాంగణంలో జరిగింది. సంఘమూ ఆ ఏడాదే ఏర్పడింది.

లించ్ జాబితాతో ఎన్రికేజ్ ప్రధాన తగవు ‘పకికిసామా’ దగ్గర. సర్దుకుపోవడం ఫిలిపినోల మూల విలువ కాదని, మనుషులు ఒకరితో ఒకరు మెలిగే అనేక స్థాయిలలో అది ఒకటి మాత్రమేనని ఆయన చూపారు. పైపై మర్యాదతో మొదలై పూర్తిగా ఒకటైపోవడం దాకా సాగే ఆ స్థాయిలన్నింటి అడుగునా ‘కాప్వా’ ఉందన్నారు. ఎదుటివాణ్ణి తననుంచి వేరుచేయకుండా, తనతో కలిపి చూసుకునే భావమది. విలువల పట్టికను బట్టీపట్టిన విద్యార్థికి ఇది మరో మాట చేర్చడంగా కనిపించవచ్చు. నిజానికి ఆయన మార్చినది వ్యక్తినే విడి యూనిట్‌గా తీసుకునే పద్ధతిని.

దాని ఫలితం పరిశోధనా పద్ధతులలో స్పష్టంగా కనిపించింది. మూడో సంవత్సరం విద్యార్థి చేతికి ప్రశ్నావళి ఇచ్చి ఊళ్లోకి పంపితే, అపరిచితుడికి జనం ఇచ్చే జవాబులు మర్యాద జవాబులే. అందుకే ఎన్రికేజ్, కార్మెన్ సాంటియాగో వంటివారు ముందు ఊరివాళ్లతో కలిసిమెలిసి, కబుర్లలో కూర్చుని, ఒకే విషయాన్ని వేర్వేరు సందర్భాలలో అడిగి తెలుసుకునే పద్ధతులను రూపొందించారు. దొరికే సమాచారపు నాణ్యత పరిశోధకుడికీ ఊరివాళ్లకీ మధ్య ఏర్పడిన సంబంధం ఏ స్థాయిదో దాన్నిబట్టి ఉంటుంది. వారి క్షేమం పరిశోధనకంటే ముందు. అడిగేది వారికి వచ్చిన భాషలోనే. ఇవి ఈ ధార పెట్టుకున్న నియమాలు. అయితే ఒక సెమిస్టరులో ప్రాజెక్టు ముగించవలసిన డిగ్రీ విద్యార్థికి అంత తీరిక దొరకడం కష్టం. ఈ పద్ధతులు పుస్తకంలో పాఠంగా నిలిచినంతగా విద్యార్థి చేతిలో పనిముట్లుగా నిలవకపోవడానికి ఇదొక కారణమని నా అంచనా.

అమెరికన్ పాఠంపై ఇలాంటి అసంతృప్తి భారతదేశంలోనూ ఉండేది. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర, పరామనస్తత్వశాస్త్ర విభాగాన్ని నెలకొల్పిన కోనేరు రామకృష్ణారావు భారతీయ మనస్తత్వశాస్త్రాన్ని ఒక అధ్యయనరంగంగా నిలపడానికి దీర్ఘకాలం కృషిచేశారు. కాకపోతే ఇక్కడివారు ఉపనిషత్తుల వైపు, యోగ, బౌద్ధ గ్రంథాల వైపు తిరిగారు. మనీలావారు బజారులో, వంటింట్లో వినిపించే మాటల వైపు తిరిగారు.

బజారు మాటల వైపు తిరగడంలోనూ ఒక చిక్కు ఉంది: అవి ఏ ఊరి మాటలు? దేశంలో 170కి పైగా భాషలున్నాయి. 1987 రాజ్యాంగం జాతీయ భాషగా గుర్తించిన ఫిలిపినోకు ఆధారం మనీలా పరిసరాల తగలాగ్. సెబువానో, ఇలొకానో మాట్లాడే విద్యార్థులకు, దక్షిణాన ఉన్న మిండనావో ద్వీపపు ముస్లిం విద్యార్థులకు కాప్వా పాఠం కూడా రాజధాని నుంచి వచ్చిన పాఠమే కావచ్చు. ఎన్రికేజ్ ఇతర భాషల పదాలనూ చేర్చుకోవాలనే అన్నారు. అయినా పునాది భావనలన్నీ తగలాగ్‌లోనే నిలిచిపోయాయన్న విమర్శకు ఈనాటికీ సరైన జవాబు రాలేదు. మరోవైపు, ఫిలిపినో భాషలోని వ్యక్తిత్వ పదాలను గణాంక పద్ధతులతో పరిశీలించిన తిమొతీ చర్చ్, మార్సియా కతిగ్బాక్, అక్కడ తేలిన వ్యక్తిత్వ నిర్మాణం పాశ్చాత్య నమూనాలతో చాలావరకు కలుస్తుందని కనుగొన్నారు. సొంత మనస్తత్వశాస్త్రం ఎంతవరకు సొంతమన్న వాదన దానితో మరింత చిక్కబడింది.

ఎన్రికేజ్ 1994లో మరణించారు. 2010 మార్చిలో సంతకమైన 10029వ నంబరు చట్టం మనస్తత్వవేత్త వృత్తిని లైసెన్సు పరిధిలోకి తెచ్చింది. మనస్తత్వవేత్తకు కనీసం మాస్టర్స్, సైకోమెట్రిషియన్‌కు డిగ్రీ అర్హతలయ్యాయి. అర్హతలేనివారి చేతుల్లోంచి రోగులను కాపాడడం దాని ఉద్దేశం, అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. కానీ ఏ కళాశాల నుంచి ఎంతమంది ఉత్తీర్ణులయ్యారో ప్రభుత్వం ప్రకటిస్తుంది కాబట్టి, ఆ సంఖ్య కళాశాలకు ప్రతిష్ఠ అవుతుంది, పరీక్షలోని నాలుగు సబ్జెక్టుల చుట్టూ బోధన బిగుసుకుంటుంది. వైద్యం, న్యాయశాస్త్రం చదవబోయేవారు కూడా ముందు మెట్టుగా ఈ డిగ్రీనే ఎంచుకోవడం అక్కడ మామూలు. వారికి దేశీయ ధార మరీ దూరం.

భాష విషయంలోనూ ఇదే జరిగింది. 2013లో ఉన్నతవిద్యా కమిషన్ కొత్త సాధారణ పాఠ్యప్రణాళికలో ఫిలిపినోను తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచలేదు. అధ్యాపకులు ‘తంగోల్ వికా’ పేరుతో సంఘటితమై కోర్టుకెక్కగా, 2015లో సుప్రీంకోర్టు తాత్కాలికంగా ఆపింది, 2018లో కమిషన్ నిర్ణయాన్నే సమర్థించింది. అందువల్ల కళాశాలలో ఫిలిపినో భాషలో పరిశోధనా వ్యాసం రాయడం ఎలాగో నేర్పే తరగతి ఇప్పుడు ఆయా విశ్వవిద్యాలయాల ఇష్టం. లైసెన్సు పరీక్ష మాత్రం ఇంగ్లీషులోనే జరుగుతోంది.